ముందు అన్నది ఎవరు? వార్త, ప్రకటన, సెర్చ్: ఒక ట్రాకర్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ప్రశ్నను కుదించడం

ఎన్నికలు దగ్గరపడేసరికి ఏదో ఒక అంశం అందరి నోళ్లలో నానుతుంది. ధరలు, నీళ్లు, పింఛన్లు, ఏదైనా కావచ్చు. జనం అడుగుతున్నారు కాబట్టే ప్రకటనలు ఇచ్చామంటుంది పార్టీ. పార్టీలు మాట్లాడుతున్నాయి కాబట్టే రాశామంటుంది పత్రిక. జనమేమో ఫోన్లో కనబడింది కాబట్టి సెర్చ్ చేశారు. ఈ మూడింటిలో ముందు కదిలింది ఏది?

"మీడియా రాజకీయాలను ఎలా ప్రభావితం చేస్తుంది" అనే పెద్ద ప్రశ్నకు ఇంట్లో కూర్చుని జవాబు చెప్పలేం. "ఫలానా అంశం వార్తల్లో ముందొచ్చిందా, డబ్బిచ్చిన ప్రకటనల్లో ముందొచ్చిందా, సెర్చ్‌లో ముందొచ్చిందా" అన్నదాన్ని మాత్రం కొలవొచ్చు. అదైనా మూడు గడియారాలూ సరిగ్గా నడిస్తేనే. ఈ ప్రాజెక్టులో పని అంతా ఆ గడియారాల దగ్గరే ఉంది, గ్రాఫులు గీయడం చివరి గంట పని.

పరిధి ఇలా పెట్టాం: 12 అంశాలు, 30 వార్తా సైట్ల ఫీడ్లు (కొత్త కథనాల జాబితాలు), రెండు ప్రకటనల ఆర్కైవులు (ఫేస్‌బుక్ యజమాని మెటా, గూగుల్ తమ దగ్గర నడిచిన రాజకీయ ప్రకటనలను బహిరంగంగా ఉంచే చోట్లు), ఒక సెర్చ్ ట్రెండ్. నిల్వకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలు ఒక్కటి చాలు. సర్వర్ అక్కర్లేదు, రోజంతా ఆన్‌లో ఉండే పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. సమయాలన్నీ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) దాచాలి, స్థానిక సమయం చూపించేటప్పుడు మార్చుకుంటే చాలు. దీన్ని మొదటి రోజే తేల్చుకోకపోతే మూడో వారంలో అన్ని వరుసలూ తిరగరాయాల్సి వస్తుంది.

3వ రోజు: వార్తల గడియారం

ఫీడ్లను 15 నిమిషాలకోసారి అడుగుతున్నాం. 30 ఫీడ్లు, రోజుకు 96 సార్లు, మొత్తం 2,880 అభ్యర్థనలు. సర్వర్ ఇచ్చిన ఈట్యాగ్‌ను (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు) దాచి తర్వాతిసారి వెనక్కి పంపితే, కొత్తదేమీ లేనప్పుడు 304 అని చిన్న జవాబు వస్తుంది. సైటు మీద భారం పడదు, మన ఐపీ బ్లాక్ కాదు. రోబోట్స్ ఫైలులో వద్దన్న దారుల జోలికి వెళ్లొద్దు.

ఆర్ఎస్ఎస్ ఫీడు లేని సైట్లకు న్యూస్ సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజన్ల కోసం సైటు పెట్టే లింకుల జాబితా) ఆధారం. అందులో గత రెండు రోజుల కథనాలే ఉంటాయి, ఒక్కో ఫైలులో 1,000 లింకుల వరకే. కాబట్టి వారాంతంలో స్క్రిప్టు ఆగిపోయి సోమవారం మొదలుపెడితే మధ్యలో పోయినవి పోయినట్టే.

అసలు చిక్కు ప్రచురణ సమయంతో వచ్చింది. ఒకే కథనానికి నాలుగు సమయాలు దొరుకుతాయి: ఫీడులో ఉన్నది, పేజీ వెనుక నిర్మాణ డేటాలో "ప్రచురించిన సమయం", అక్కడే ఉన్న "సవరించిన సమయం", మన స్క్రిప్టు దాన్ని మొదట చూసిన సమయం. నాలుగూ నాలుగు నిలువు వరుసల్లో విడివిడిగా దాచాలి. ఒకదాంట్లోకి కుదిస్తే తర్వాత విడదీయలేం.

కొన్ని సైట్లు కథనాన్ని సవరించిన ప్రతిసారీ ప్రచురణ సమయాన్ని కూడా ముందుకు జరుపుతాయి, హోమ్ పేజీలో పైకి రావడం కోసం. పట్టుకోవడం సులువే: మనం మొదట చూసిన సమయం కన్నా "ప్రచురించిన సమయం" తర్వాతిది అయితే ఆ సైటు గడియారాన్ని నమ్మకూడదు. అలాంటి సైట్లకు "మొదట చూసినది" మాత్రమే లెక్కలోకి తీసుకుంటున్నాం. అందులో తప్పు మహా అయితే 15 నిమిషాలు.

శీర్షికలు కూడా మారతాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం క్లిక్కులు చూసుకుని మరొకటి. శీర్షికను ఓవర్‌రైట్ చేయకుండా ప్రతి మార్పునూ కొత్త వరుసగా దాచాలి. అంశం పేరు శీర్షికలోకి ఎప్పుడు ఎక్కిందన్నదే మనకు కావలసిన సమయం, కథనం ఎప్పుడు పుట్టిందన్నది కాదు.

6వ రోజు: తెలుగు మాటలు పట్టుకోవడం

ఇక్కడ రెండు రోజులు పోయాయి. ఇంగ్లిష్ కోసం రాసిన ఏ ఉదాహరణ కోడూ తెలుగుకు నేరుగా పనిచేయదు.

పైథాన్‌లోని మామూలు రెగెక్స్ (మాటల నమూనాలు వెతికే) మాడ్యూల్ గుణింతపు గుర్తులనూ పొల్లునూ అక్షరాలుగా చూడదు. "ఎన్నికలు" అన్న మాటను పదాలుగా విడదీయమంటే "ఎన", "న", "కల" అని మూడు ముక్కలు ఇస్తుంది. పదాల లెక్కలో "కల" అన్న మాట విపరీతంగా కనిపించడంతో ఈ తప్పు బయటపడింది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెగెక్స్ ప్యాకేజీ వాడితే సరిపోతుంది.

ఎస్‌క్యూలైట్‌లో పాఠం వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5 లోనూ అదే జబ్బు. దాని డిఫాల్ట్ టోకెనైజర్ (పాఠాన్ని పదాలుగా విడదీసేది) అక్షరాలనూ అంకెలనూ మాత్రమే పదంలో భాగంగా తీసుకుంటుంది, గుణింతాల దగ్గర తెంపేస్తుంది. టేబుల్ తయారుచేసేటప్పుడే కేటగిరీల్లో మార్కుల వర్గాలు రెండూ (స్థలం తీసుకునేవి, తీసుకోనివి) కలపాలి. మూడేసి గుర్తుల ముక్కలు తీసే ట్రైగ్రామ్ టోకెనైజర్ ఇంకో దారి, కానీ దానికి కనీసం మూడు కోడ్‌పాయింట్లు (యంత్రం విడిగా లెక్కించే గుర్తులు) కావాలి. "ఓటు" దొరుకుతుంది (ఓ, ట, ఉత్వం), "ధర" మాత్రం రెండే కావడంతో అసలు దొరకదు. మన 12 అంశాల్లో మొదటిదే అది.

తర్వాత యూనికోడ్ శుద్ధి. ఐత్వం ఒకే కోడ్‌పాయింట్‌గా రావచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసి రెండుగానూ రావచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చాక ఆ తేడా పోతుంది. "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తును కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పోల్చే ప్రతిలో దాన్ని తీసేయాలి, అసలు పాఠాన్ని మాత్రం ముట్టుకోకూడదు. అందుకే ప్రతి శీర్షికకూ రెండు నిలువు వరుసలు: వచ్చింది వచ్చినట్టు ఒకటి, శుద్ధి చేసింది ఒకటి.

ఇక విభక్తులు. ధర, ధరలు, ధరల, ధరలకు అన్నీ "ధర"తో మొదలవుతాయి కాబట్టి మాట మొదలు చూస్తే చాలనిపిస్తుంది. అలా చూస్తే "ధరించి", "ధరణి" కూడా వచ్చి పడతాయి. "నీట" అని వెతికితే "నీట్‌గా" వస్తుంది, ఎందుకంటే కోడ్‌పాయింట్ల లెక్కలో "ట్" అంటే "ట" తర్వాత పొల్లు. పరిష్కారం: మన మాట అయిపోయిన చోట తర్వాతి కోడ్‌పాయింట్ గుణింతమో పొల్లో అయితే ఆ పోలికను కొట్టేయాలి. దీంతో "నీట్‌గా", "ధరించి" రెండూ పోతాయి. "ధరణి" మాత్రం మిగులుతుంది, దానికి మినహాయింపుల జాబితాయే దిక్కు. నీరు, నీళ్లు, నీటి అన్నవి మూడు వేర్వేరు రూపాలు, చేత్తో రాసుకోవాల్సిందే. పింఛను, పింఛన్, పెన్షన్ కూడా అంతే. "పన్ను" అంటే సుంకమూ అవుతుంది, నోట్లో పన్నూ అవుతుంది. పక్కన నొప్పి, చిగురు, డాక్టరు ఉన్న శీర్షికలను వదిలేస్తున్నాం.

ఒక్కో అంశానికి 10 నుంచి 25 రూపాల జాబితా తయారైంది. ప్రతి జాబితానూ 200 శీర్షికల మీద కళ్లతో సరిచూసి, పదింటిలో ఒకటికి మించి తప్పు వస్తే మళ్లీ దిద్దుతున్నాం. మూలధాతువు తీసే రెడీమేడ్ సాధనం కోసం వెతికే సమయంలో ఈ జాబితాలు రాసేయొచ్చు. 12 అంశాలకు చేతిపనే నయం.

9వ రోజు: ఒకే గొంతు, ముప్పై నోళ్లు

ఒక వార్తా ఏజెన్సీ కాపీని పది సైట్లు వేసుకుంటే అది పది వార్తలు కాదు. కథనం నుంచి ఐదేసి అక్షరాల ముక్కలు తీసి మిన్‌హ్యాష్‌తో (రెండు పాఠాల పోలికను త్వరగా అంచనా కట్టే పద్ధతి) పోల్చి, పోలిక 0.8 దాటితే ఒకే కథగా కడుతున్నాం. పదాల ముక్కలకన్నా అక్షరాల ముక్కలే తెలుగుకు నప్పుతాయి, విభక్తి మారినా ముక్కల్లో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. పోల్చే ముందు మధ్యమధ్యలో వచ్చే "ఇవీ చదవండి" లింకులు తీసేయాలి. చిన్న వార్తల్లో అవే పోలికను 0.8 కిందికి లాగేస్తాయి.

ఏజెన్సీ ఇంగ్లిష్‌లో పంపిన వార్తను ఒక్కో డెస్కు ఒక్కోలా అనువదించుకుంటే ఈ పద్ధతికి అందదు. అక్కడ పేర్లు, అంకెలు పనికొస్తాయి. ఆరు గంటల లోపు వచ్చిన రెండు కథనాల్లో మూడు అంకెలు, రెండు పేర్లు ఒకేలా ఉంటే అనుమానితులుగా గుర్తుపెట్టి మనిషి చూస్తున్నారు.

సైట్ల యాజమాన్యం ఇంకో సంగతి. వేర్వేరు పేర్లతో కనిపించే సైట్లు ఒకరివేనా అని తెలుసుకోవడానికి ఆడ్స్ టెక్స్ట్ ఫైలు చూడాలి. ఎవరికి తమ ప్రకటనల స్థలం అమ్మే హక్కుందో సైట్లు బహిరంగంగా చెప్పే ఈ ఏర్పాటు 2017లో వచ్చింది. రెండు సైట్లలో "డైరెక్ట్" (సొంత ఖాతా) అని ఉన్న వరుసలో ఒకే పబ్లిషర్ నంబరు కనబడితే డబ్బు చేరే ఖాతా ఒకటే. "రీసెల్లర్" (మధ్యవర్తి) వరుసలను పట్టించుకోవద్దు, అవి వందల సైట్లలో ఒకేలా ఉంటాయి. ప్రకటనల నిర్వహణను బయటి కంపెనీకి అప్పగించిన సైట్లలోనూ డైరెక్ట్ నంబరు కలవొచ్చు. కాబట్టి ఇది ఆధారం మాత్రమే, తీర్పు కాదు. కలిసినవాటిని లెక్కలో ఒక గొంతుగా, పక్క వరుసలో ఎన్ని నోళ్లో విడిగా రాస్తున్నాం.

12వ రోజు: ప్రకటనల గడియారం

మెటా యాడ్ లైబ్రరీ ఏపీఐ (ఆ ఆర్కైవును కోడుతో అడిగే దారి) తెరవాలంటే ముందు గుర్తింపు ధ్రువీకరణ పూర్తిచేయాలి. టోకెన్ (ప్రవేశానికి ఇచ్చే తాళం) మామూలుగా గంట, రెండు గంటల్లో చచ్చిపోతుంది. 60 రోజుల టోకెన్‌గా మార్చుకుని, 50వ రోజున గుర్తుచేసేలా అలారం పెట్టాం. ఒకేసారి ఎక్కువ వరుసలు అడిగితే డేటా తగ్గించమని ఎర్రర్ వస్తుంది. 500తో మొదలుపెట్టి, ఎర్రర్ వచ్చినప్పుడల్లా సగం చేస్తే నడుస్తుంది.

మాటతో వెతకడం కన్నా పేజీ ఐడీలతో వెతకడం మేలు. బొమ్మ మీద, వీడియోలో ఉన్న మాటలు కీవర్డుకు దొరకవు, రాజకీయ ప్రకటనల్లో అసలు విషయం ఉండేది అక్కడే. ఒక అభ్యర్థనలో 10 పేజీల వరకు ఇవ్వొచ్చు. పార్టీల పేజీలతో ఆగకుండా, చెల్లించినవారి పేరు ఉండే నిలువు వరుస చూసి, అదే పేరుతో డబ్బు కట్టిన మిగతా పేజీలనూ జాబితాలో చేర్చాలి. పార్టీ పేరు ఎక్కడా లేని వ్యంగ్య పేజీలూ, "ప్రజల గొంతు" తరహా పేజీలూ ఇలాగే బయటికొస్తాయి.

ఖర్చు కచ్చితమైన అంకెగా రాదు, 0–99, 100–199 లాంటి పరిధిగా వస్తుంది. మార్కెటింగ్ రిపోర్టులు చాలావరకు మధ్య విలువ తీసుకుని కూడేస్తాయి, అది తప్పు. ఒకే ప్రకటనను కొద్దికొద్ది మార్పులతో 40 రకాలుగా పెట్టారనుకోండి, ఒక్కోటీ 0–99 పరిధిలో ఉంటే మొత్తం 0 నుంచి 3,960 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మధ్య విలువ తీసుకుంటే 1,980 అని చెప్పేస్తాం, అసలు ఖర్చు అందులో పదో వంతు కూడా కాకపోవచ్చు. కింది హద్దు, పై హద్దు రెండూ చూపించాలి, గ్రాఫులో గీతకు బదులు పట్టీ గీయాలి. పది లక్షలు దాటిన ఇంప్రెషన్లకు (ప్రకటన తెరపై కనబడిన సార్లు) పై హద్దు అసలు ఉండదు. ఖాళీని సున్నాగా చదివే కోడు అతిపెద్ద ప్రకటనలనే చిన్నవి చేసేస్తుంది. ఇది వెంటనే కనబడని తప్పు, మొదటి రోజే పరీక్ష రాసుకోవాలి.

రోజువారీ ఖర్చు కూడా ఇవ్వరు, ప్రకటన మొదలైనప్పటి నుంచి మొత్తం మాత్రమే. అందుకే రోజూ ఒకే గంటకు స్నాప్‌షాట్ తీసి, ముందురోజుతో తేడా చూస్తున్నాం. పరిధి మారిన రోజే మనకు తెలుస్తుంది, మారని రోజుల్లో ఖర్చు కాలేదని అనుకోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం ప్రారంభ తేదీ. అందులో గంట ఉండదు, రోజు మాత్రమే. పైగా అది ప్రకటనదారు ఎప్పుడు మొదలుపెట్టాలని కోరుకున్నాడో ఆ తేదీ, మొదటి మనిషి దాన్ని చూసిన క్షణం కాదు. వార్తల గడియారంలో తప్పు 15 నిమిషాలైతే ప్రకటనల గడియారంలో ఒక రోజు. స్థానిక సమయం, యూటీసీ తేడా కలిస్తే ఇంకో రోజు అటూఇటూ. కాబట్టి నియమం: వార్తకూ ప్రకటనకూ మధ్య తేడా రెండు రోజులు లేదా అంతకన్నా తక్కువ ఉంటే "సమానం" అని రాయాలి, ఎవరినీ ముందు పెట్టకూడదు. రెండు రోజులు దాటితేనే ముందువెనకలు.

14వ రోజు: ప్రకటన తయారైన తేదీ

ప్రారంభ తేదీ పక్కనే తయారుచేసిన తేదీ కూడా వస్తుంది. ఈ రెండింటి తేడా ఇంతవరకు దొరికినవాటిలో అత్యంత విలువైన నిలువు వరుస. వార్త వచ్చిన రోజునే మొదలైన ప్రకటన, అదే రోజు తయారైతే అది వార్తకు స్పందన కావచ్చు. ఐదు రోజుల ముందే తయారై, వార్త రోజున మొదలైతే మాత్రం ఆ అంశం వార్త కాబోతోందని ఎవరికో ముందే తెలుసు, లేదా దాన్ని వార్త చేయాలనే ఆలోచన ఉంది. అలా అని నిర్ధారించడానికి తొందరపడకూడదు. నెలల తరబడి చిత్తుప్రతులు పెట్టుకుని అవసరమైనప్పుడు వదిలే ప్రచార బృందాలు మామూలే. సమీక్షకు 24 గంటల దాకా పట్టొచ్చు కాబట్టి ముందే సిద్ధం చేసుకోవడం ఈ వృత్తిలో జాగ్రత్త. ఒకే అంశం మీద ఒకే పేజీ నుంచి చాలా ప్రకటనలు ఒకే రోజున తయారై, ఒకే రోజున మొదలైతే ఆ గుంపును విడిగా చూడాలి.

గూగుల్ వైపు రాజకీయ ప్రకటనల డేటా బిగ్‌క్వెరీ అనే దాని డేటా సేవలో బహిరంగంగా ఉంది. నెలకు 1 టెరాబైట్ వరకు క్వెరీలు ఉచితం. కావలసిన నిలువు వరుసల పేర్లు మాత్రమే రాయాలి, అన్నీ తెమ్మంటే కోటా వృథా.

17వ రోజు: సెర్చ్

గూగుల్ ట్రెండ్స్ ఇచ్చేది సెర్చ్‌ల సంఖ్య కాదు. అడిగిన కాలంలో, అడిగిన మాటల్లో అత్యధికమైనదాన్ని 100 చేసి మిగతావాటిని దానితో పోల్చి ఇస్తుంది. ఒకేసారి 5 మాటలే. 12 అంశాలను మూడు విడతలుగా, ప్రతి విడతలో ఒకే కొలమానపు మాటను కలిపి (1+4) తెచ్చుకుని, ఆ మాట విలువతో మూడింటినీ ఒక స్కేలుకు తెస్తున్నాం. కొలమానంగా మరీ పెద్ద మాట పెడితే చిన్న అంశాలన్నీ 0, 1 అయి కూర్చుంటాయి.

గంటల వారీ డేటా గత 7 రోజులకే దొరుకుతుంది. మూడు రోజులకోసారి తీసి, అతివ్యాప్తి ఉన్న రోజులతో అతికిస్తున్నాం. నమూనా నుంచి లెక్కకట్టేవి కాబట్టి ఈ రోజు తీసిన అంకెలు రేపు కొద్దిగా మారతాయి. చిన్న అంశాలకు ఐదుసార్లు తీసి సగటు వేయాలి. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండు రూపాలూ విడిగా తేవాలి.

20వ రోజు: నిలువు గీతలు

పాత ఏళ్ల డేటా కూడా కలిపితే బాగుంటుందనిపించింది. కలిపాక గ్రాఫులో కనబడే పెద్ద ఎత్తుపల్లాల్లో చాలావరకు జనం మనసు మారడం వల్ల వచ్చినవి కావు, వేదికల నియమాలు మారడం వల్ల వచ్చినవి. అందుకే ప్రతి గ్రాఫులోనూ నిలువు గీతలు తప్పనిసరి చేశాం.

2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తూ ఫీడు మార్చింది, వార్తా పేజీల వీక్షణ పడిపోయింది. 2019లో ట్విటర్ రాజకీయ ప్రకటనలు నిషేధించి, 2023లో సడలించింది. టిక్‌టాక్ 2019 నుంచి తీసుకోవడం లేదు. 2023 ఆగస్టులో కెనడాలో మెటా తన వేదికల మీద వార్తలనే ఆపేసింది. ఏ పోస్టు ఎంతగా పంచుకుంటున్నారో చూపించిన క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టు 14న మూతపడింది. యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధన 2025 అక్టోబరు 10 నుంచి పూర్తిగా అమల్లోకి రావడంతో గూగుల్, మెటా రెండూ అక్కడ రాజకీయ ప్రకటనలు ఆపేశాయి. అక్కడి గీత సున్నాకు పడితే పార్టీలు ప్రచారం మానేశాయని కాదు. ఆ డబ్బు ఆర్కైవు లేని చోట్లకు పోయుంటుంది: ఇన్‌ఫ్లుయెన్సర్లకు, మెసేజింగ్ గ్రూపులకు, వార్తలా కనిపించే ప్రాయోజిత కథనాలకు. చివరి రకాన్ని కొంతవరకు పట్టొచ్చు. పేజీలోని బయటి లింకులకు "స్పాన్సర్డ్" గుర్తు ఉందేమో చూసే తనిఖీని వార్తల స్క్రిప్టుకు కలిపాం. గుర్తు పెట్టని నిజాయితీ లేని పేజీలు ఎలాగూ దొరకవు.

23వ రోజు: ముందువెనకల లెక్క

రోజువారీ గీతలను నేరుగా పోలిస్తే అన్నీ అన్నిటితో కలిసిపోతాయి. పోలింగ్ రోజు దగ్గరపడేకొద్దీ అన్నీ పెరుగుతాయి కాబట్టి. ముందు వారపు లయ తీసేసి (ఆదివారం వార్తలు తక్కువ), తర్వాత రోజుకూ రోజుకూ తేడా తీసుకుని, అప్పుడు −7 నుంచి +7 రోజుల వరకు జరిపి పోల్చాలి.

ఇక్కడ ఒక గుణకారం చేయడం మంచిది. 12 అంశాలు, 3 జంటలు, 15 జరుపుళ్లు: 540 పరీక్షలు. 5 శాతం హద్దు పెడితే ఏ సంబంధమూ లేకపోయినా 27 "ఫలితాలు" వస్తాయి. వాటిలో అందమైనవి మూడు ఏరి స్లైడు మీద పెడితే ఎవరైనా నమ్ముతారు. అందుకే ప్రకటనల గీతనూ సెర్చ్ గీతనూ విడివిడిగా వారాల చొప్పున యాదృచ్ఛికంగా 1,000 సార్లు జరిపి, ప్రతిసారీ 540 పోలికల్లో అత్యధికమైనదాన్ని రాసుకుంటున్నాం. అసలు పోలిక ఆ వెయ్యింటిలో 950ని దాటితేనే పరిశీలనకు వస్తుంది.

ముందే తేదీ తెలిసిన ఘట్టాలు (బడ్జెట్, మేనిఫెస్టో, చర్చా కార్యక్రమం) ఉన్న రోజులను, వాటికి అటూఇటూ రెండేసి రోజులను తీసేశాం. ఆ రోజుల్లో మూడు గడియారాలూ ఒకే గంట కొడతాయి, ఎవరూ ఎవరినీ కదిలించినట్టు కాదు. ఊహించని సంఘటనల చుట్టూ ఉన్న రోజులే ఈ ప్రశ్నకు పనికొస్తాయి, అవి తక్కువ.

26వ రోజు: పట్టిక రూపం

ప్రతి ఘట్టానికీ నాలుగు గడులు: వార్త ముందు, ప్రకటన ముందు, సెర్చ్ ముందు, సమానం. ఒక్కో గడి కింద ఆ తేడా ఎన్ని గంటలో లేదా రోజులో, గడియారపు తప్పు ఎంతో రాసి ఉంటుంది. వార్తకూ సెర్చ్‌కూ మధ్య గంటల తేడా చెప్పగలం. ప్రకటన కలిసిన చోట ఎక్కువ ఘట్టాలు "సమానం" గడిలోకే పోతున్నాయి, పోవాలి కూడా. ఆ గడి నిండుగా ఉండటం చూసి నియమం సడలించమనే ఒత్తిడి వస్తుంది. రెండు రోజుల హద్దును ఒకటికి తగ్గిస్తే పట్టిక వెంటనే కళకళలాడుతుంది, కానీ ఆ కళంతా యూటీసీ తేడాదే.

తర్వాతి విడతలో చేయాల్సినవి: ప్రకటనల స్నాప్‌షాట్‌ను రోజుకు ఒకటి నుంచి నాలుగుకు పెంచడం, అప్పుడు ఆర్కైవులో కొత్త ఐడీ మొదట కనిపించిన సమయం ఆరు గంటల తేడాలో తెలుస్తుంది. ఆర్కైవులోకి చేరడంలో ఆలస్యం ఉంటుంది కాబట్టి అది ప్రకటన మొదలైన సమయానికి పై హద్దు మాత్రమే. కింది హద్దు తయారైన తేదీ నుంచి వస్తుంది. రెండు హద్దుల మధ్య దూరం ఎంత తగ్గుతుందో చూశాకే "సమానం" నియమాన్ని ముట్టుకోవాలి. స్నాప్‌షాట్లు పెంచే కోడు మాత్రం అప్పుడే రాశాం, అవి 00, 06, 12, 18 గంటలకు నడుస్తున్నాయి.